అరచేతిలో వాకీ రేసెస్: పాత గేమ్‌బాయ్‌లో పందెం గెలవడం ఎలా

2000వ సంవత్సరంలో ఇన్ఫోగ్రామ్స్ అనే ఫ్రెంచి సంస్థ గేమ్‌బాయ్ కలర్ అనే, చేతిలో పట్టుకుని ఆడే యంత్రం కోసం 'వాకీ రేసెస్' అనే కార్ల పందెం ఆటను తెచ్చింది. దానికి ముప్పై రెండేళ్ల ముందు అమెరికా టీవీలో వచ్చిన కార్టూన్ ఈ ఆటకు ఆధారం. ఆటా పాతబడింది, యంత్రమూ పాతబడింది. అయినా మా ఇంటికి పిల్లలు ఎవరొచ్చినా వాళ్ల చేతికి నేను ముందుగా ఇచ్చేది ఇదే. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన తెర మీద, పెన్సిల్ మొన అంతటి మలుపులు చూసుకుంటూ గెలవడం నేర్చుకున్నవాళ్లకు చూపు నిలుస్తుంది. అందుకే దీన్ని సంపాదించడం, బాగుచేసుకోవడం, బాగా ఆడటం మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాస్తున్నాను.

నేను పెరిగింది రాజమండ్రిలో, మా నాన్నగారి టీవీ రిపేరు దుకాణంలో. ఇప్పుడు ఉంటున్నది ఇంగ్లండులోని లెస్టర్‌లో. ఇక్కడ ఆదివారం పొద్దున్నే జనం కార్లు మైదానంలో వరసగా నిలిపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో పాత సామాన్లు అమ్ముకుంటారు. పింగాణీ కప్పులు, పిల్లల సైకిళ్ల మధ్య గేమ్‌బాయ్‌లు, వాటి క్యాసెట్లు బయటపడతాయి. ఆడని వాటిని తెచ్చి బాగుచేయడం నా సెలవు రోజు పని.

కొనేముందు

వాకీ రేసెస్ పేరుతో ఒకటి కన్నా ఎక్కువ ఆటలున్నాయి. పేరు చూసి కొంటే వేరేది చేతికి వస్తుంది. తొంభైల మొదట్లో ఆట్లస్ సంస్థ, గేమ్‌బాయ్ తయారుచేసిన నింటెండో వారి పెద్ద యంత్రానికి చేసినదాంట్లో అసలు పందెమే లేదు. అందులో మట్లీ అనే కుక్క ఎగురుతూ దూకుతూ పోతుంది. 2000లోనే డ్రీమ్‌కాస్ట్ అనే యంత్రానికి వచ్చింది టీవీకి తగిలించుకుని ఆడేది. 2008లో నింటెండో డీఎస్‌కు వచ్చిన 'క్రాష్ అండ్ డాష్' కూడా చేతిలో పట్టుకునేదే కానీ, అది పూర్తిగా వేరే ఆట. మనకు కావలసింది గేమ్‌బాయ్ కలర్ క్యాసెట్.

నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఫొటోలో ధరను కాదు, లేబులును చూడండి. అసలైన క్యాసెట్ లేబులు మీద వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే, అచ్చు వేసిన అక్షరాలు కాకుండా, కాగితంలోకి నొక్కిన రెండంకెల గుర్తు ఒకటి సన్నగా కనబడుతుంది. నకిలీల్లో సాధారణంగా అది ఉండదు. ప్లాస్టిక్ పైభాగంలో పోతపోసిన అక్షరాల అంచులు పదునుగా ఉండాలి. కింద నోట్లో కనిపించే లోహపు పట్టీలు సమానమైన ఎడంతో, ఒకే రంగుతో మెరవాలి. అమ్మేవారిని ఆ మూడు చోట్లా దగ్గరి ఫొటోలు పంపమని మర్యాదగా అడగండి. అసలు సరుకు ఉన్నవాళ్లు పంపుతారు.

ఏ దేశంలో కొన్నా ఫరవాలేదు. గేమ్‌బాయ్ క్యాసెట్లకు దేశాల కట్టడి లేదు. ఇంగ్లండులో కొన్నది విజయవాడలోనూ ఆడుతుంది, జపాను యంత్రంలోనూ ఆడుతుంది.

యంత్రం విషయంలో మూడు దారులున్నాయి. మొదటిది 1998లో వచ్చిన గేమ్‌బాయ్ కలర్. రెండోది దాని తర్వాతి తరం గేమ్‌బాయ్ అడ్వాన్స్. దీనిలోనూ ఈ క్యాసెట్ పడుతుంది. దాని తెర వెడల్పు ఎక్కువ కాబట్టి బొమ్మ మధ్యలో చిన్నగా నిలుస్తుంది. పైన భుజాల దగ్గరున్న ఎల్, ఆర్ బటన్లు నొక్కితే బొమ్మ సాగి తెరంతా పరుచుకుంటుంది. ఈ ఆటకు అలా సాగదీయవద్దు. మలుపు ఎంత వంకరగా ఉందో కన్ను వేసుకునే అంచనా చెడిపోతుంది. మూడోది మడతపెట్టే అడ్వాన్స్ ఎస్‌పీ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది దీన్నే. లోపల వెలుతురు ఉంటుంది, ఛార్జింగ్ ఉంటుంది. దాని వెనక చీటీ మీద ఏజీఎస్-101 అని ఉంటే తెర వెనక నుంచి వెలుగుతుంది, చాలా బాగుంటుంది; ఏజీఎస్-001 అని ఉంటే ముందు నుంచి వెలుగు పడుతుంది, రంగులు కాస్త పాలిపోతాయి. డీఎస్‌లో ఈ క్యాసెట్ పనిచేయదు. పాత బూడిద రంగు గేమ్‌బాయ్ కూడా వద్దు.

నేను మాత్రం గేమ్‌బాయ్ కలర్‌లోనే ఆడతాను. దాని తెరకు సొంత వెలుతురు లేదు. బయటి కాంతి అద్దం మీద పడి తిరిగి వస్తేనే బొమ్మ కనిపిస్తుంది. కాబట్టి కూర్చునే చోటు ఆటలో భాగం. కిటికీ మీ వెనక, ఎడమ భుజం పక్కగా ఉండాలి. గది మధ్యలో దీపం కింద కూర్చుంటే దీపం నీడే తెర మీద తేలుతుంది. పగటి వెలుగులో ఆ రంగులు చూస్తే, వెనక దీపం లేదన్న లోటు నాకు ఎప్పుడూ తోచదు.

బాగుచేయడం

ముందు సెల్లు పెట్టే గది తెరవండి. గోడ గడియారంలో వేసే ఏఏ సెల్లు రెండు పడతాయి. స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి పొక్కు కనిపిస్తే, ఎప్పుడో మరిచిపోయిన సెల్లు కారాయని అర్థం. ఆ కారిన ద్రవం క్షారం. కాబట్టి దూది పుల్లను తెల్ల వెనిగర్‌లో ముంచి, పిండి, ఆ పొక్కు మీద అద్దండి. చిన్నగా నురగ వచ్చి కరుగుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో వెనిగర్ మొత్తం తుడిచేయాలి, లేకపోతే అది కొత్త తుప్పు తెస్తుంది. తొంభై శాతం కన్నా చిక్కని ఆల్కహాల్ అడగండి. నీళ్లు ఎక్కువ ఉన్నది మనకు పనికిరాదు.

రీఛార్జి సెల్లు వేయవచ్చు. వాటి వోల్టేజి మామూలు సెల్లకన్నా కొద్దిగా తక్కువైనా ఈ యంత్రం ఇబ్బంది లేకుండా నడుస్తుంది. పక్కనున్న ఎర్ర దీపం మసకబారితే సెల్లు అయిపోవస్తున్నాయని గుర్తు. కొత్త సెల్లు వేసినా దీపం మసకగానే ఉందంటే, ఆట మధ్యలో యంత్రం తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతోందంటే, తప్పు ఆన్, ఆఫ్ స్విచ్చిది. ఏళ్ల తరబడి వాడక దానిలోపలి రేకు నల్లబడుతుంది. సెల్లు తీసేసి, స్విచ్ సందులో ఒక్క చుక్క ఆల్కహాల్ వేసి, స్విచ్‌ను అటూ ఇటూ పలుమార్లు జరపండి. ఆరాక సెల్లు వేయండి. పాడైపోయిందని జనం పారేసే గేమ్‌బాయ్‌లలో చాలావాటికి ఇదే రోగం, ఇదే మందు.

ఇక క్యాసెట్. యంత్రం వేయగానే మొదట నింటెండో పేరు వస్తుంది కదా, అది ఊరికే అలంకారం కాదు. క్యాసెట్ లోపల ఆ పేరు బొమ్మ 48 బైట్లుగా దాచి ఉంటుంది. యంత్రం దాన్ని చదివి, తన దగ్గరున్న నకలుతో పోల్చి, రెండూ ఒకటైతేనే ఆటను మొదలుపెడుతుంది. పట్టీల మీద మకిలి ఉండి తప్పు చదివితే పేరు చెదిరిపోతుంది, ఆట కదలదు. అందుకే పేరు గజిబిజిగా కనబడితే క్యాసెట్ చచ్చిపోయిందని దిగులుపడవద్దు. అది మురికి గురించి యంత్రం ఇస్తున్న కబురు.

నోటితో ఊదవద్దు. ఊదితే పనిచేసినట్టు అనిపిస్తుంది. నిజానికి తీసి మళ్లీ పెట్టడం వల్ల పట్టీలు కొత్త చోట ఆని పనిచేసింది. ఊదిన తేమ మాత్రం లోపల ఉండిపోయి మెల్లగా పచ్చ తుప్పు పట్టిస్తుంది. దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, క్యాసెట్ నోరు కిందికి పెట్టి పట్టుకుని, 32 పట్టీలనూ పై నుంచి కిందికి, ఒకే దిశలో తుడవండి. అడ్డంగా రుద్దితే దూది పోగులు సందుల్లో చిక్కుతాయి. మొదటి పుల్ల బూడిద రంగులో వస్తుంది, ఒక్కోసారి నల్లగానే వస్తుంది. పుల్ల తెల్లగా వచ్చేదాకా కొత్త పుల్లలు మార్చండి. చివరగా పొడి పుల్లతో ఒకసారి. ఇసుక కాగితం, బ్లేడు, రబ్బరు జోలికి పోవద్దు. పట్టీల మీది బంగారు పూత చాలా పలచన, ఒకసారి పోతే రాదు.

అప్పటికీ కుదరకపోతే క్యాసెట్ విప్పాలి. దాని స్క్రూ మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్టు కావాలి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. యంత్రం వెనక స్క్రూలది మళ్లీ వేరే రకం, మూడు కొమ్మల నక్షత్రం. రెండూ కలిపి కొనుక్కోండి. మా నాన్నగారు దుకాణంలో కుర్రాళ్లకు "ముందు చూడు, తర్వాత ముట్టుకో" అనేవారు. విప్పిన ప్రతి దశలో ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు.

ఆడేముందు కార్టూన్ చూడండి

ఇది నా పట్టుదల. కార్టూన్ చూడకుండా ఈ ఆట ఆడితే చిన్న చిన్న కార్లు కనబడతాయి, అంతే. చూశాక ఆడితే ఒక్కో బండికీ ఒక స్వభావం ఉందని తెలుస్తుంది.

హన్నా-బార్బెరా సంస్థ తీసిన ఈ కార్టూన్ 1968 సెప్టెంబరు నుంచి 1969 జనవరి వరకు సీబీఎస్ ఛానెల్లో శనివారాలు వచ్చింది. మొత్తం 17 భాగాలు. ఒక్కో భాగంలో రెండు పందేలు, వెరసి 34. పందెంలో 11 బండ్లు. మన దగ్గర కేబుల్ ఉన్న ఇళ్లలో దీన్ని కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసినవాళ్లు ఉంటారు. పగలంతా బొమ్మలు వచ్చి, రాత్రయితే అదే ఛానెల్లో పాత ఆంగ్ల సినిమాలు వచ్చే రోజులవి.

ఒకటో నంబరు రాతి బండి. దాన్ని నడిపే ఆదిమానవ సోదరులు దుడ్డుకర్రలతో బాది దాన్ని ముందుకు తోలుతారు. రెండోది మేడ గోపురం ఉన్న భూతాల బండి, అందులో ఒక డ్రాగన్ కాపురముంటుంది. మూడో నంబరు శాస్త్రవేత్తది, కోరిన రూపంలోకి మారిపోతుంది. నాలుగోది సగం కారు, సగం విమానం. అయిదోది పెనెలొపి పిట్‌స్టాప్ గులాబీ రంగు కారు. ఆరోది ట్యాంకూ జీపూ కలగలిసిన సైనిక బండి. ఏడో నంబరులో ఏడుగురు పొట్టి దొంగలు కిక్కిరిసి కూర్చుని, వేగం కావాలంటే నేలలోంచి కాళ్లు దించి పరుగెత్తుతారు. ఎనిమిదో బండి పొయ్యి మీద నడుస్తుంది. తోలేవాడు కునుకు తీస్తూ కాళ్లతోనే స్టీరింగు తిప్పుతాడు. తొమ్మిదోది పీటర్ పర్ఫెక్ట్‌ది. అతను దాన్ని పొగిడిన మరుక్షణం అది ఊడి ముక్కలవుతుంది. పదోదానికి చక్రాల బదులు రంపపు బిళ్లలు. ఇక సున్నా సున్నా నంబరు, ఊదారంగు రాకెట్టు బండి. దాంట్లో పొడవాటి మీసాల డిక్ డాస్టర్డ్లీ, పక్కన పళ్ల సందునుంచి నవ్వే కుక్క మట్లీ.

34 పందేల్లో డాస్టర్డ్లీ ఒక్కటీ గెలవలేదు. మిగతా పదిమందిలో గెలుపు రుచి చూడనివాళ్లు లేరు. మా పెద్దమ్మాయి నాతో కలిసి మూడు నాలుగు భాగాలు చూశాక తెరవైపు వేలు చూపించి అడిగింది.

"నాన్నా, వీడి బండే అందరికన్నా ముందుంది కదా. మరి ఎందుకు ఆగాడు?"

ఆ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. డాస్టర్డ్లీ బండి చాలా వేగమైనది. దాదాపు ప్రతి పందెంలోనూ అందరినీ దాటిపోతాడు. అంత ముందుకు వెళ్లి, బండి ఆపి, దిగి, వెనక వచ్చేవాళ్ల కోసం గొయ్యి తవ్వుతాడు, వంతెన కోస్తాడు, దారి బోర్డు తిప్పుతాడు. ఆ గోతిలో తనే పడతాడు. ఊరికే నడిపి ఉంటే గెలిచేవాడు.

రోడ్డును యంత్రం ఎలా గీస్తుంది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే ఆడటంలోని మెలకువంతా ఇందులోంచే వస్తుంది.

గేమ్‌బాయ్ కలర్ తెరలో అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144 వరసలు. యంత్రానికి నిజమైన లోతు గీసే శక్తి లేదు. దానికి తెలిసిందల్లా బల్లపరుపు బొమ్మను అటూ ఇటూ జరపడం. కానీ అది తెరను ఒక్కసారిగా గీయదు. పై వరస నుంచి కింది వరస దాకా, ఒక్కో వరసా గీస్తూ వస్తుంది, అలా సెకనుకు దాదాపు 60 సార్లు. మా నాన్నగారి దుకాణంలో వెనక మూత తీసిన గాజు గొట్టాల టీవీలు కూడా బొమ్మను అలా గీత గీతగానే గీసేవి. ఒక గీతకూ మరో గీతకూ మధ్య దొరికే కాస్త వ్యవధిలో ఆట రాసినవాళ్లు బొమ్మను కొంచెం పక్కకు జరపవచ్చు. కింది వరసలు కదలకుండా ఉంచి, పైకి పోయేకొద్దీ ఒక్కో వరసనూ ఇంకాస్త ఎక్కువ జరిపితే, పేకముక్కల దొంతరను వేలితో ఒక పక్కకు వాల్చినట్టు, తిన్నని రోడ్డు వంపు తిరుగుతుంది. కారు వెనక నుంచి రోడ్డును చూపించే ఆ కాలపు చేతి ఆటల్లో కనిపించే మలుపుల కిటుకు ఇదే.

దీని అర్థం ఏమిటంటే, మలుపు మీ బండి దగ్గర పుట్టదు. తెర పైభాగంలో, నేలా ఆకాశం కలిసే గీత దగ్గర పుడుతుంది. అక్కడ రెండు మూడు వరసలు ఒక్క చుక్కంత పక్కకు జరుగుతాయి. ఆ తర్వాత వంపు కిందికి పాకుతూ మీ దాకా వస్తుంది. బండి ముందు వంపు కనబడేసరికి మీకు మిగిలిన సమయం చాలదు. కాబట్టి చూపు ఉండాల్సింది బండి మీద కాదు. బండి ఎక్కడికీ పోదు, అది ఎప్పుడూ కింద మధ్యలోనే ఉంటుంది. చూపంతా ఆ గీత మీదే ఉండాలి.

చెప్పడం తేలిక, కళ్లు మాత్రం బండి మీదికే జారతాయి. దానికి నేను పిల్లల చేత ఒక సాధన చేయిస్తాను. పోస్టుకార్డు మందం ఉన్న అట్టను తెర వెడల్పున కత్తిరించి, తెర కింది మూడో వంతు కప్పేలా పైన టేపుతో అంటిస్తాను. బండి కనబడదు. అలా ఒక చుట్టు తిరగమంటాను. మొదట్లో "ఎలా ఆడాలి, ఏమీ కనబడటం లేదు" అంటారు. గెలవనక్కర్లేదు, రోడ్డు వదలకుండా చుట్టు పూర్తి చేస్తే చాలు. నెమ్మదిగా వాళ్ల తల కొద్దిగా పైకి లేస్తుంది, బొటనవేలు ముందే కదలడం మొదలవుతుంది. అప్పుడు అట్ట తీసేస్తాను. మా అమ్మాయికి మూతి ముడుచుకుని ఆడిన ఆ చుట్టు తర్వాతే గోడలు తగలడం తగ్గింది.

ఇంకో సంగతి. మూడు నాలుగు బండ్లు పక్కపక్కకు చేరినప్పుడు వాటి ముక్కలు మిణుకుమనడం, సగం మాయమవడం చూస్తే యంత్రం చెడిపోయిందనుకోవద్దు. కదిలే బొమ్మలను యంత్రం చిన్న చిన్న బిళ్లలుగా పేరుస్తుంది. ఒక్కో బిళ్ల వెడల్పు 8 చుక్కలు. ఒకే వరసలో పది బిళ్లలకు మించి చూపించలేదు. మించినవి ఆ వరసలో పడవు. మనకు ఇది పనికొచ్చే కబురే: మిణుకు ఎక్కువైందంటే ముందు గుంపు ఒకే వరసలో చేరిందని అర్థం. అప్పుడు గుంపు మధ్యలోంచి దూరవద్దు, అంచు పట్టుకోండి.

నడపడం

మొదటి పందెం గెలవడానికి కాదు. బటన్లు తెలుసుకోవడానికి వాడుకోండి. తిన్నగా ఉన్న చోట ఒక్కో బటనూ నొక్కి ఏది ఏం చేస్తుందో చూడండి. వేగం ఇచ్చే బటన్ మీద బొటనవేలి కొన కాకుండా మొదటి కణుపు ఆనించండి. అప్పుడు కొనతో పక్క బటన్ నొక్కడానికి వీలవుతుంది. చిన్న పిల్లలకు వేలు అందకపోతే యంత్రాన్ని ఒళ్లో దిండు మీద పెట్టి ఆడమనండి. గాలిలో ఎత్తి పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది.

ఎడమ చేతి కింద ప్లస్ గుర్తు బటన్ ఉంది కదా, దాన్ని నొక్కి పట్టవద్దు. తట్టండి. టక్, టక్ అని తేలిగ్గా తట్టినప్పుడు బండి కొంచెం కొంచెంగా జరుగుతుంది. నొక్కి పడితే ఒకేసారి అంచు దాకా పోతుంది, మళ్లీ వెనక్కి తేవడానికి రెండో వైపు నొక్కాలి, అలా పాములా మెలికలు తిరగడంలోనే వేగమంతా పోతుంది. ఈ రకం ఆటల్లో మలుపు బండిని బయటి వైపుకు నెడుతుంది. అందువల్ల పైన గీత దగ్గర వంపు ఎడమకు జరిగిందని చూడగానే, ఇంకా తిన్నగా ఉండగానే, రెండు తట్లతో ఎడమ అంచు దగ్గరికి చేరండి. మలుపు వచ్చినప్పుడు అది మిమ్మల్ని మధ్యకు నెడుతుంది, అక్కడే ఉండండి. ఆలస్యంగా తిప్పినవాళ్లను మధ్య నుంచి రోడ్డు బయటికి నెడుతుంది.

గట్టి మలుపులో బ్రేకు కన్నా వేగం బటన్ మీంచి వేలు తీయడం మేలు. ఒక్క క్షణం తీసి మళ్లీ నొక్కండి. ఎంతసేపు తీయాలో కళ్లకన్నా చెవులు బాగా చెబుతాయి. గేమ్‌బాయ్ కలర్‌లో నాలుగు శబ్ద మార్గాలే ఉన్నాయి. సంగీతం, ఇంజన్, ఢీకొట్టిన చప్పుడు అన్నీ వాటిలోనే సర్దుకోవాలి. చిన్న స్పీకరులో అవి కలిసిపోతాయి, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే విడివిడిగా తెలుస్తాయి. ఇంజన్ స్వరం ఎక్కడ పడిపోతోందో, ఎక్కడ లేస్తోందో వినండి. స్వరం పూర్తిగా పడిపోకముందే మళ్లీ అందుకోవాలి.

కారును ఎంచుకోవడంలో అంత తర్జనభర్జన అక్కర్లేదు. కార్టూన్‌లో ఎవరు నచ్చితే వాళ్లను తీసుకుని, చాలాకాలం వాళ్లతోనే ఉండండి. పందేనికో బండి మార్చేవాళ్లకు ఏ బండి బరువూ చేతికి అలవాటు కాదు. నాకు ఏడుగురు పొట్టి దొంగలంటే ఇష్టం.

అడ్డుకోవడం, ఆగకపోవడం

ఎదుటివాళ్లను అడ్డుకోవడం, వాళ్ల దెబ్బలు కాచుకోవడం వాకీ రేసెస్‌లో ఉన్న సరదా. కానీ పిల్లలు ఓడిపోయేది ఎక్కువగా అక్కడే. ఎదుటి బండిని దెబ్బతీసే అవకాశం చేతికి చిక్కగానే వాడేస్తారు, వాడుతూ పక్క బండిని చూస్తారు, అంతలో మలుపు వస్తుంది.

నేను మూడు మాటలు చెబుతాను. తిన్నని దారిలోనే దాడి చేయండి, మలుపులో చేయి కదపవద్దు. మీకు ముందున్నవాళ్ల మీద ప్రయోగించండి, వెనకవాళ్లను వదిలేయండి. అందరికన్నా ముందుంటే మాత్రం అసలు ఏదీ చేయవద్దు, రోడ్డు మీదే చూపు పెట్టి నడపండి. డాస్టర్డ్లీకి లేనిది ఆ నిగ్రహమే. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఆటలో తనే కనిపెట్టింది. మొదటి స్థానంలో ఉండి, వెనక వస్తున్న బండిని ఇంకా వెనక్కి నెట్టాలని వేగం తగ్గించింది. మూడు బండ్లు దాటిపోయాయి. తెర మీంచి చూపు తీయకుండానే, "ఓహో, అందుకా" అంది.

వెనకబడినప్పుడు ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా ఆలోచించాలి. చివర్లో ఉన్నవాళ్లు దాచుకోవడంలో అర్థం లేదు. అయితే ఆఖరి చుట్టు కోసం ఒక్క అవకాశం మిగుల్చుకోండి. గమ్యం గీతకు ముందు వచ్చే తిన్నని దారి ఎక్కడుందో మొదటి చుట్టులోనే గుర్తు పెట్టుకుంటే, దాన్ని ఎక్కడ వాడాలో తెలుస్తుంది.

ఇద్దరు పిల్లలు, ఒకటే యంత్రం ఉంటే, పందేనికొకరు చొప్పున మారండి. ఆడనివాళ్లకు ఒక పని అప్పగించండి: గీత దగ్గర వంపు కనబడగానే "ఎడమ", "కుడి" అని పైకి చెప్పడం. పక్కనుంచి చెప్పడంలోనే చూపు కుదురుతుంది. మా ఇంట్లో చిన్నమ్మాయి అలా అక్కకు దారి చెబుతూనే నేర్చుకుంది. తన వంతు వచ్చేసరికి మలుపులన్నీ నోటికి వచ్చేశాయి.

పిల్లలు మొదటిసారి పట్టుకున్నప్పుడు అరగంట చాలు. చిన్న తెర మీద అంతకు మించి చూస్తే కళ్లు ఎర్రబడతాయి. మధ్యలో లేచి కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టునో మేడనో కాసేపు చూసి రమ్మనండి.

ఆట అయ్యాక క్యాసెట్‌ను యంత్రంలోనే వదలవచ్చు. దుమ్ము పడకుండా రెండూ ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి. సెల్లు మాత్రం వారం దాటి వాడరనుకుంటే తీసేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు, మందుల డబ్బాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలను పారేయకుండా రెండు దాచి, మూత బిగుతుగా పడే డబ్బాలో యంత్రంతో పాటు పెట్టండి. ఉప్పు గాలికి ముందుగా పోయేది ఆ 32 పట్టీలే. మూడు నాలుగు నెలలకోసారి తీసి, ఒక పందెం ఆడి, పొడి పుల్లతో తుడిచి మళ్లీ దాచండి.